మూడు చెనిక్కాయలు

తాడిపత్రిలో పొద్దున ఎనిమిదిన్నరకే
బండలు కోసే మిషన్లు అరుపు అందుకుంటాయి.
మా తొమ్మిదో తరగతి కిటికీలకు రెక్కల్లేవు.
పాఠం వినపడాలంటే గొంతు పెంచాల.
పెంచితే పిల్లలకది తిట్టినట్టుంటాది.

పదకొండేండ్లుగా నేనడిగిన ప్రశ్న ఒకటే:
"అర్థమైందా?"
వాళ్లిచ్చిన జవాబూ ఒకటే.
నలభై రెండు నోళ్లు సాగదీసే ఆ "అయింది సా...ర్"లో
అర్థం కానివాడు మందలో గొర్రెపిల్ల మాదిరి
హాయిగా తల దూర్చి నిద్రపోతాడు.

ఒక శనివారం
అరకిలో చెనిక్కాయలు కొనుక్కొని పోయినా.
అయిదారు మందికొక గుంపు,
నడాన ఒక నాపబండ ముక్క,
మనిషికి మూడు కాయలు.
అడిగితే ఒక కాయ బండ మీద పెట్టాల,
చెప్పినా ఒక కాయ పెట్టాల.
కాయలైపోతే చెవులే మిగుల్తాయి, అంతే.

జయచంద్ర ఒక్క నిమిషంలో మూడూ పెట్టేసినాడు.
మాట గొంతుకడ్డం పడి
చేప మాదిరి కొట్టుకున్నాడు పాపం.
ఉలిగప్ప ఒక కాయ పెట్టి, ఏం అడగాల్నో మర్చిపోయి
మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.
గౌసియా మాత్రం
మూడూ ఒలుచుకొని తినేసింది.
పొట్టు జామెట్రీ బాక్సులో దాచిపెట్టింది.

క్లాసంతా నవ్వింది.
వచ్చేవారం చింతపిక్కలిద్దామనుకున్నా, తినలేరని.
తర్వాత నాకే సిగ్గేసింది.

స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకం కోసం
ఆ పిల్ల ఇంటికి పోయినా.
వాళ్ల నాయన దస్తగిరి
ఇరవై ఏండ్లు పాలిష్ మిషన్ కాడ పనిచేసి
రెండు చెవులూ ఆడే వదిలేసి వచ్చినాడు.
"నాయనా! సారు! బడి సారు!"
తరగతిలో నేనెప్పుడూ వినని గొంతు అది,
వీధి చివరికి వినపడేటంత.

ఆయన వేరే ఏదో చెప్పినాడు, నీళ్ల ట్యాంకర్ గురించి.
ఆ పిల్ల విసుక్కోలేదు.
అడిగిందాన్నే తిప్పి అడిగింది.
చిన్నది చేసి అడిగింది.
వేళ్లతో అడిగింది.
అడిగి, ఆయన ముఖంలోకే చూస్తా ఊరికే నిలబడింది,
పాలు పొంగేదాకా పొయ్యి కాడ నిలబడినట్టు.
బీఎడ్‌లో నాకెవరూ నేర్పని చదువు అది:
అడిగినాక ఆగడం.

సోమవారం మళ్లీ కాయలు పంచినా.
"ఊరికి ఫ్యాక్టరీలు లాభమా, నష్టమా?"
అడిగి, నోరు మూసుకొని, లోపల్లోపల అంకెలు లెక్కబెట్టినా.
మూడుకే నా నాలుక దురద పెట్టింది.
అయిదు. ఆరు.
ఏడు కాడ కరెంటు పోయింది.
మిషన్లన్నీ ఒక్కసారి గొంతు తెగినట్టు ఆగిపోయినాయి.
ఆ నిశ్శబ్దంలో బండ మీద
టప్‌మని ఒక కాయ.

"సార్, మిషన్ల పక్కన బడి కట్టినారా,
బడి పక్కన మిషన్లు పెట్టినారా?"

నాకు తెలీదు.
నాకని నేను కాయలు పంచుకోలేదు కూడా.

జయచంద్ర ఎగిరెగిరి పడుతున్నాడు, చేతులు ఖాళీ.
గౌసియా తన రెండో కాయ వాని చేతిలో పెట్టింది.
"నువ్వు చెప్పు. మీ జేజినాయన ఆ గోడ కట్టినోడే కదా."
వాడు చెప్పినాడు.
మొదటిసారి, మెల్లగా, ఒకరి కోసం.
ఉలిగప్ప "ఆ గోడకు ముందు ఆడేముండె?" అన్నాడు.
కాయ పెట్టడం మర్చిపోయినాడు.
నేనేమీ అనలేదు.

కరెంటొచ్చింది. మిషన్లు మళ్లీ అందుకున్నాయి.
గుంపు చెదరలేదు,
తలలు ఇంకొంచెం దగ్గరికి జరిగినాయి, అంతే.

గౌసియా పిడికిట్లో మూడో కాయ ఇంకా ఉండాది.
తింటుందో, అడుగుతుందో.
నేను లెక్కబెడతాండా.